సీసా పాట

ఆ పొద్దు గూడూరు మీద మబ్బు కమ్మింది గానీ కురవలేదు. పాకాల అడవి దిక్కు నుంచి నల్లగా లేచి, ఊరి మీదికొచ్చి నిలబడి, నాలుగు చినుకులు రాల్చి, లేచిన దుమ్మునైనా అణచకుండా కొత్తగూడ దిక్కు పోయింది. శ్రావణం సగమైనా ఇదే వరస. మొఖం చూపిస్తుంది, పని చెయ్యదు. ఇట్లాంటి మబ్బును చూస్తే జానీమియాకు ఎండను చూసినప్పటికంటే ఎక్కువ కోపం వస్తుంది. ఎండ ఎవరికీ ఆశ పెట్టదు.

వాన రాని ఏడు మోటార్లు కాలే ఏడు. నర్సంపేట రోడ్డు పక్క రేకుల షెడ్డులో జానీమియా కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుడతాడు. ఆ గురువారం పొద్దున్నే మూడు మోటార్లు వరసగా దించి ఉన్నాయి, దవాఖాన ముందర కూర్చున్న రోగుల్లాగా. మొదటిదాని పక్కన దాని ఆసామి పెంటయ్య గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు.

“జానీ భాయ్, నాటేసి ఇరవై రోజులాయె. మడి నెర్రెలు వారుతుంది. ఇయ్యాల సాయంత్రానికన్న అయితదా?”

“కాలబెట్టేటప్పుడు నన్ను అడిగినవా?”

“నేను కాలబెట్టిన్నా? కరెంటు కాలబెట్టింది.”

“అయితే కరెంటునే చుట్టమను.”

పెంటయ్య నవ్వి పొగ వదిలాడు. జానీమియా తిడుతున్నాడంటే పని మొదలుపెట్టినట్టేనని ఊరందరికీ తెలుసు. తిట్టకుండా తలూపితేనే భయపడాలి.

ఫోను మోగింది. భూపాలపల్లి నుంచి రుక్మిణి, ఎల్లేశం భార్య.

“జానన్నా, ఆయితారం వస్తున్నవు గదా? వచ్చేటప్పుడు ఆ క్యాసెట్టు తే. మీ దోస్తు రెండు దినాల సంది పలక మీద ఒక్కటే రాస్తుండు. సీసా పాట, సీసా పాట. తుడుస్తడు, మల్ల రాస్తడు. నాకు యాష్టకొస్తుంది.”

“తెస్త చెల్లె. అదెంత పని.”

ఆమె గొంతు తగ్గించింది. పక్కగదిలో ఎల్లేశం ఉన్నట్టుంది.

“రెండో దిక్కు ఆఖరుకు ఆయన మాట ఉన్నది గదన్నా అండ్ల. ఒక్కసారి ఇనాలె నేను. ఆపరేషనై ఎనిమిది నెలలాయె. ఆ గొంతు ఎట్లుండెనో మర్సిపోతున్న. నేనడిగిన్నని ఆయనకు చెప్పకు.”

గొంతులో గడ్డ లేచిందని ఎల్లేశానికి స్వరపేటికే తీసేశారు. ఇప్పుడు ఆయన మెడకు కట్టుకున్న గుడ్డ కింది నుంచి ఊపిరి పీలుస్తాడు, మనుమరాలి పలక మీద మాట్లాడతాడు. ఫోన్లలో ఎవరి గొంతూ దాచుకోని కాలంలో గడిచిన మనిషి. ఆయన మాట లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే ఆ టేపు మీదే మిగిలింది.

“ఆయితారం పొద్దుగాలనే తెస్త,” అన్నాడు.

ఆ క్యాసెట్టు దుకాణంలో కొన్నది కాదు. ఎల్లేశం పనిచేసిన ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో యంత్రం బిగించడానికి వచ్చిన అమెరికా ఇంజినీరు దగ్గర ఒకరోజుకు అడిగి తెచ్చిన టేపును, ఎల్లేశం తన క్వార్టరులో రెండు టేపురికార్డులను ఎదురుబొదురు పెట్టి, వైరు లేకుండా గాలిలోంచే ఎక్కించుకున్నది. అందుకే పాటల మధ్య కోడి కూస్తుంది. షిఫ్టు సైరను మోగుతుంది. రెండోవైపు చివరి పాట సాగుతుండగా వంటింట్లోంచి రుక్మిణి, “బువ్వ సల్లారుతది,” అంటుంది. “ఆగు, ఈ పాట అయిపోనీ,” అంటాడు ఎల్లేశం. అక్కడితో టేపు ఆఖరు. తర్వాతెప్పుడో ఆ టేపును దోస్తుకే ఇచ్చేశాడు.

పెంటయ్య మోటారులోని మాడిన చుట్లను జానీమియా ఉలితో కోసి పీకేశాడు. తీగ కూర్చునే గాళ్లు గీకి, కొత్త కాగితం మడిచి దూర్చాడు. ఇక తీగ. చెక్క అచ్చును హ్యాండిలుకు బిగించి, రాగితీగను వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ, ఒక్కో కాయిలుకు ముప్పై ఎనిమిది చుట్లు. చుట్లు లెక్కపెట్టే మీటరు చెడిపోయి ఏళ్లయింది, బాగు చేయించలేదు. ఆ టేపే ఆయన మీటరు. సీసా పాట మొదలై అయిపోయేలోగా ఆరు కాయిళ్లు. దరువుకో చుట్టు.

ఆ పాట ఒక్క గిటారుతో మొదలవుతుంది. వాయించేవాడు సీసా మెడను కోసి వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తాడని ఎల్లేశం చెప్పాడు. అందుకే అది మెట్టుమెట్టుగా నడవదు. పీనుగ దగ్గర ముసలవ్వ రాగం తీసినట్టు ఒక మాట మీది నుంచి ఇంకో మాట మీదికి జారుతుంది. తర్వాత డోలు కలుస్తుంది. కలిసినా తొందరపడదు, పొద్దుగూకే వేళ మందను తోలుకొచ్చేవాడిలా అర అడుగు వెనకే నడుస్తుంది. ఆ అర అడుగే జానీమియాకు ప్రాణం. ఆపైన గొంతు, పొద్దంతా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకలేసి బొంగురుపోయిన గొంతు. మాట ఒక్కటీ అర్థం కాదు. కాకపోయినా, ఆ మనిషికీ వాన రాలేదని మాత్రం తెలుస్తుంది. ఆ దేశంలో దక్షిణం దిక్కున పత్తి పండిస్తారట. వాళ్ల యాస విని పై దిక్కువాళ్లు నవ్వుతారట. “మన లెక్కనే రా,” అన్నాడు ఎల్లేశం. ఆ మాట విన్నప్పటి నుంచి వాళ్లు జానీమియాకు చుట్టాలైపోయారు.

పాడినవాళ్ల పేర్లు మాత్రం ఇద్దరికీ తెలియవు. ఇంజినీరు డబ్బా మీద రాసి ఉన్నా ఎల్లేశం చూసుకోలేదు. పేర్లు వీళ్లే పెట్టుకున్నారు. సీసా పాట. రైలు పాట. రెండు గిటార్లు ఒకదాన్నొకటి ఎగతాళి చేసుకునేది బావమరుదుల పాట.

జానీమియా చెయ్యి అలవాటుగా గూట్లోకి పోయింది. క్యాసెట్ల రేకుడబ్బాకు బదులు నున్నగా, గుండ్రంగా ఏదో తగిలింది. తీసి చూశాడు. అరచేతిలో ఎర్రగా, నీలంగా మిణుకుమిణుకుమంది.

“అజీజ్‌బీ!”

షెడ్డు వెనకే ఇల్లు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“నా డబ్బా ఏది?”

“ఓ, అదా. నిన్న నువ్వు గట్టు మీద మోటరు దించబోయినప్పుడు అల్లుడు తీస్కపోయిండు. నీకు కొత్త స్పీకరు తెచ్చిండు గదా, చూడలేదా? లైట్లు గూడ వస్తయి.”

“ఎక్కడికి తీస్కపోయిండు?”

“జనగామల వాని దోస్తెవడో హోటలు పెట్టిండట. పాత సామాన్లు కావాల్నన్నడట.” ఆమె మొగుడి మొఖం చూసింది. “సునోజీ, దామాదును ఒక్కమాటన్నవో, చూడు మరి. బిడ్డనిచ్చుకున్నం. ఏడాది గూడ కాలేదు.”

అల్లుడు అకీల్ అప్పుడే ట్రాలీ ఆటో ఆపి దిగాడు. మొఖం నిండా నవ్వు.

“మామూ, ఎట్లుంది డబ్బా? ఆ తుప్పువట్టిన దానితోని ఇంకెన్నాళ్లు పరేషానైతరని తెచ్చిన. ఫోన్ల లోకంలున్న పాటలన్నీ దీంట్లనే ఇనొచ్చు.”

జానీమియా పళ్ల దాకా వచ్చిన మాటను మింగాడు. పెంటయ్యనైతే తిట్టొచ్చు, కరెంటునైతే తిట్టొచ్చు, మబ్బునూ తిట్టొచ్చు. అల్లుణ్ణి తిట్టకూడదు.

“బాగుంది బేటా,” అన్నాడు.

పెంటయ్య బీడీ ఆర్పి, భయంగా తన మోటారు వైపు చూశాడు.

*

శుక్రవారం జుమ్మా నమాజు ముగిశాక అకీల్ తానే షెడ్డుకు వచ్చాడు. మామ మొఖం బాగాలేదని భార్య ఫిజా చెప్పి పంపినట్టుంది. స్టూలు లాక్కుని ఫోను తీశాడు.

“పేరు చెప్పుండ్రి మామూ, ఇప్పుడే పెడత.”

“పేరు లేదు.”

“పాడినోని పేరు?”

“తెల్వదు.”

“ఏ సిన్మాలది?”

“సిన్మా కాదు.”

“సిన్మా కాకుంటే మరి పాట ఎక్కడికెళ్లి వచ్చె?”

జానీమియా తీగ చుడుతూనే ఉన్నాడు. పెంటయ్య, మోటారు అయ్యేదాకా కదలనని అక్కడే ఉన్నాడు.

“రాగం తీయుండ్రి మామూ. ఫోను ఇని కనుక్కుంటది.”

నలుగురిలో రాగం తీయడం జానీమియా పుట్టి ఎరగడు. కానీ ఆదివారం ముంచుకొస్తోంది. ఫోను మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఊఁ అని కింది నుంచి పైకి జార్చాడు. ఫోను కాసేపు ఆలోచించి ఒక లాలిపాట పెట్టింది. రెండోసారి జార్చాడు. కీళ్లనొప్పుల నూనె ప్రకటన వచ్చింది.

“ఎద్దు రంకె వేసినట్టుంది భాయ్. పశువుల దవాఖానకు ఫోను కలుస్తదేమో సూడు,” అన్నాడు పెంటయ్య.

“నీ మోటరు రేపటికి పోయింది పో.”

“ఏయ్, ఏమనలే, ఏమనలే. మంచి పాటనే.”

అకీల్ మాత్రం వదల్లేదు. అమెరికా, దక్షిణం, గిటారు అని ఏవేవో రాసి వెతికాడు. పాటలు వచ్చాయి. ఒకటి కాదు, వందలు. ఒకటి పెట్టి, కాదంటే ఇంకొకటి పెట్టాడు. ఆరోదో ఏడోదో మొదలై రెండు మీట్లు పడగానే జానీమియా చేతిలో హ్యాండిలు ఆగింది.

“ఉండు. వీడు గూడ సీసావోడే.”

“ఎట్ల తెల్సె మామూ?”

“ఇను. వేలు ఒక్కదగ్గర నిలవడతలేదు. దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఇప్పుడు సూడు, కిందికి దిగుతడు.” పాట కిందికి దిగింది. “ఇగ డోలు వస్తది, లేటుగ.” డోలు లేటుగానే వచ్చింది.

అకీల్ ఫోను వంకా మామ వంకా చూశాడు. జానీమియా పాట చివరిదాకా విన్నాడు. బాగానే ఉంది. పండిన చేతి వాయింపు, అనుమానం లేదు. కానీ కడిగి బోర్లించిన గిన్నెలాగుంది. కోడి లేదు. సైరను లేదు. బువ్వకు పిలిచే మనిషి లేదు.

“ఇదేనా మామూ?”

“కాదు.”

“అదే లెక్కనే ఉంది గదా?”

“నీ పెండ్లాం లెక్కనే ఇంకో పిల్ల ఉంటే ఇంటికి తెచ్చుకుంటవా?” అన్నాడు జానీమియా. అన్నాక నాలుక కరుచుకున్నాడు. షెడ్డు వెనక గాజులు గట్టిగా మోగాయి. అజీజ్‌బీ విన్నది.

చుట్టిన కాయిళ్లను పెంటయ్య మోటారులో దించబోతూ అనుమానం వచ్చి జానీమియా వేళ్లతో లెక్కపెట్టాడు. ముప్పై ఆరు. ఇంకోటి నలభై ఒకటి. మూడోది ఎంతో చూడబుద్ధి కాలేదు. ఏ మాటా అనకుండా కత్తెర తీసి మూడూ కోసి పక్కన పడేశాడు. కొత్త రాగితీగ, ఉల్లిపొర రంగులో మెరుస్తూ మట్టిలో పడింది. పెంటయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అకీల్ స్టూలు మీది నుంచి లేచాడు.

“మామూ, ఏమన్న తప్పయిందా?”

“రేపు బండి ఖాళీగుంటదా బేటా? జనగామ పోయొద్దాం.”

ఆ సాయంత్రం జానీమియా చుట్లను పైకి లెక్కపెట్టుకుంటూ, బడిపిల్లవాడిలా ఒకటి రెండు మూడు అంటూ, పెంటయ్య మోటారు పూర్తి చేశాడు. అన్నేళ్లలో అంత అలసట ఎరగడు.

*

తొర్రూరు మీదుగా జనగామ చేరేసరికి పది దాటింది. దారిపొడవునా మబ్బు వెంటే వచ్చింది, కురవకుండా. హైదరాబాదు రోడ్డు మీద కొత్త హోటలు. బయట ముక్కాలిపీట మీద లాంతరు, లోపల విసుర్రాయి, తిరగని కుట్టుమిషను. ఒక గోడ గోడంతా క్యాసెట్లే, ఇంటి మీద పెంకులు పేర్చినట్టు వరసగా. మూడు వందలుంటాయి. వాటి ముందు నిలబడి ఇద్దరు పిల్లలు ఫొటో దిగుతున్నారు. పైన ఏదో కొత్త సినిమా పాట దబదబమంటోంది.

జానీమియా గోడ దగ్గరికి పోయి చూశాడు. ప్రతి క్యాసెట్టుకూ రెండు స్క్రూలు. రీళ్ల కన్నాల్లోంచి గోడలోకి బిగించారు.

“నమస్తే అంకుల్!” హోటలు యజమాని హరీష్ వచ్చాడు. కిరాణా హోల్‌సేలు చేసే ఇంటి పిల్లవాడు. మర్యాద మూటగట్టినట్టున్నాడు. “అకీల్ చెప్పిండు. మీరు పెద్ద ఫ్యానట గదా అంకుల్. ఎట్లుంది మన గోడ? వచ్చినోళ్లందరు దీని ముందటనే ఫొటో దిగుతరు.”

“ఎవరూ ఇనరా?”

“ఏది అంకుల్?”

“ఇవి.”

హరీష్ నవ్వాడు. “ఇవి ఇనేటియి కాదంకుల్, చూసేటియి.”

జానీమియా ఆ మాట విని గోడవైపే తిరిగాడు. పేర్లు చదవలేదు. పేరున్న క్యాసెట్టు కాదు తనది. పైవరస నుంచి ఒక్కొక్కటే కళ్లతో తడుముతూ పోయాడు. మోటారు చుట్లకు పూసే వార్నీసు చేతితోనే ఏళ్ల తరబడి ఆ క్యాసెట్టును తీశాడు, పెట్టాడు. దాని మూల మీద తన బొటనవేలి ముద్ర గోధుమరంగులో ఎండిపోయి ఉంటుంది. అయిదో వరసలో, స్విచ్చుబోర్డు పక్కన దొరికింది. ఒక స్క్రూ కన్నంలోనే ఉంది. రెండోది కన్నం తప్పి, పక్కనే, ప్లాస్టిక్కును పగలగొట్టుకుని రిబ్బను చుట్ట అంచులోంచి గోడలోకి దిగింది.

జానీమియా ఆ స్క్రూ తల మీద వేలు పెట్టి చూశాడు.

“కన్నంల నుంచే కొట్టమన్న అంకుల్. పనోడు జర తప్పిండు ఆ ఒక్కదానికి,” అన్నాడు హరీష్.

మూడు వందల్లో ఆ ఒక్కదానికి. జానీమియా జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

“అయ్యో అంకుల్, వద్దు వద్దు. ఒకటి తీస్తే గోడంత బోసిపోతది. మీకేం పాట కావాల్నో చెప్పుండ్రి, ఇక్కడనే పెట్టిస్త. పెద్ద స్పీకర్లున్నయి. చాయ్ తాగుండ్రి ఫస్టు. మీ ఫొటో గూడ గోడకు పెడత, పాతతరం ఫ్యాన్ అని.”

తిట్టేవాడైతే తిట్టొచ్చు. ఇంత మర్యాదగా అడ్డం నిలబడేవాణ్ణి ఏం చెయ్యాలో జానీమియాకు అంతుపట్టలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయన మొఖం చూసి మూడురోజుల్లో మొదటిసారి అకీల్‌కు సంగతి అర్థమైనట్టుంది. స్నేహితుడి భుజం పట్టి పక్కకు జరిపాడు.

“హరీషన్నా, జర జరుగు. నేను అడగకుండ తెచ్చిన. నాది తప్పు.”

“అరే, నేను దానికి కొత్త స్పీకరు ఇయ్యలేదారా?”

అకీల్ ట్రాలీలోంచి మిణుకుమిణుకుమనే ఆ డబ్బాను తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. “ఇది ఆ ఖాళీల పెట్టుకో. లైట్లొస్తయి, ఫొటోలకు ఇంక మంచిగుంటది.”

జానీమియా స్క్రూ మెల్లగా తిప్పాడు. కాలిన మోటారులోంచి పాత తీగ పీకుతున్నట్టు, తొందర లేకుండా. తన రేకుడబ్బాలోని మిగతా క్యాసెట్లన్నీ గోడ మీదే ఉన్నాయి. అడగలేదు. ఆ ఒక్క క్యాసెట్టును చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది, తాగలేదు.

తిరుగుదారిలో తొర్రూరు దాటాక అకీల్ అన్నాడు, “మామూ, ఒకసారి తిట్టేయుండ్రి. మీరు తిట్టకుంటె నాకు బండి నడపబుద్ధయితలేదు.”

“రోడ్డు చూడు బేటా,” అన్నాడు జానీమియా.

*

సాయంత్రం అసర్ నమాజు వేళకు ఇల్లు చేరారు. జానీమియా చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అజీజ్‌బీ తెల్ల దుప్పటి బల్ల మీద పరిచి, క్యాసెట్టు విప్పాడు. రిబ్బను చుట్ట మీద, అంచున, స్క్రూ కొరికిన గాటు. ఎన్ని చుట్లు తెగాయో వేలితో తడిమితే తెలిసిపోయింది.

“నలభై,” అన్నాడు. “పైనున్న నలభై చుట్లు. మొదటి దిక్కు సీసా పాట సగం దాక. రెండో దిక్కు ఆఖరు.”

రెండోవైపు ఆఖరంటే ఏమిటో అకీల్‌కు తెలియదు. అప్పుడు చెప్పాడు. చెప్పింది నాలుగు ముక్కలే. అకీల్ తలవంచుకున్నాడు.

నలభై ముక్కలు, ఒక్కోటి జానెడు. వరస తప్పకుండా దుప్పటి మీద పరిచారు. గాటు పడ్డ అంచును బ్లేడుతో కోసి, చివరలు కలిపి, వెనక వైపు పసుపుపచ్చ జిగురుటేపు అతకాలి. మోటారు కాయిళ్లకు చుట్టేదే, ఉల్లిపొరంత పలచన. ప్రతి అతుకు దగ్గరా బియ్యపుగింజంత రిబ్బను పోతుంది. బియ్యపుగింజంటే పాటలో ఒక దరువు. మాటలో ఒక అక్షరం.

రెండు ముక్కలు అతికేసరికి జానీమియా కళ్లు మసకబారాయి. చేతులు నిలకడగానే ఉన్నాయి, కళ్లే ఒప్పుకోవడం లేదు. బ్లేడు అల్లుడికిచ్చాడు.

“మెరిసేది ఎనుక. మసకది ముందట. ఇంకోటి ఇను. ఈ రిబ్బను మన తొర్రూరు రోడ్డు లెక్క. సగంల పోయే బండ్లు, సగంల వచ్చే బండ్లు. మొదటి దిక్కు పాట పోతుంటే, రెండో దిక్కుది పక్క నుంచి వస్తుంటది. ముక్కను అటుదిటు తిప్పి అతికినవనుకో, వచ్చే బండి పోయే దార్ల ఎదురైతది. తెల్సిందా?”

“తెల్సింది మామూ.”

అజీజ్‌బీ ఫ్యాను ఆపేసింది. కోళ్లను తరిమింది. ఫిజా కనుబొమల వెంట్రుకలు పీకే చిమ్టా తెచ్చిచ్చి గడప దగ్గర కూర్చుంది. అకీల్ చెమట బల్ల మీద పడకుండా తువ్వాల మెడకు చుట్టుకుని, ముక్క తర్వాత ముక్క అతికాడు. పెంటయ్య వచ్చి, మోటారు మంచిగ పోస్తుంది భాయ్ అని చెప్పబోయి, లోపలి నిశ్శబ్దం చూసి చెప్పులు చేతబట్టుకుని వెళ్లిపోయాడు. ఒకసారి గాలి వచ్చి, ఇంకా అతకని పాట మొదటి ముక్కలు మూడింటిని లేపింది. ఫిజా వంగి పట్టుకుంది. పొద్దుగూకి మగ్రిబ్ అజాను వినిపించే వేళకు ఆఖరి అతుకు పడింది.

“ఒకసారి పెట్టి చూద్దామా మామూ?”

“వద్దు. ఈ అతుకులు ఎన్నిసార్లు ఓర్సుకుంటయో ఏమెరుక. ఓర్సుకునే ఆ ఒక్కసారి రుక్మిణి చెల్లె దగ్గర కావాలె.”

*

ఆదివారం నర్సంపేట, మల్లంపల్లి దాటి భూపాలపల్లి చేరారు. ఎల్లేశం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. చేతిలో పలక. ‘ఇంత లేటా’ అని ముందే రాసిపెట్టుకున్నాడు.

“తొవ్వల రోలరు అడ్డమొచ్చె,” అన్నాడు జానీమియా. “నీ లెక్క పించనుమీద కూసున్ననా?”

ఎల్లేశం చప్పుడు లేకుండా నవ్వాడు. లోపల వంట అవుతోంది. పొయ్యి దగ్గర నుంచే రుక్మిణి జానీమియా కళ్లలోకి చూసింది, తెచ్చినవా అన్నట్టు. ఆయన తలూపాడు. తలూపి, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. అందులో ఎన్ని అక్షరాలు మిగిలాయో ఆయనకే తెలియదు.

షెడ్డు నుంచి తెచ్చిన తన టేపురికార్డు బల్ల మీద పెట్టి వైరు తగిలించాడు. మొదటి దిక్కే పెట్టాడు, ఎల్లేశం అడిగింది అదే కాబట్టి. సీసా పాట సగమయ్యాక తిప్పితే రెండో దిక్కు ఆఖరు వస్తుంది. అకీల్ గోడకానుకుని నిలబడ్డాడు, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

బటను నొక్కాడు. కాసేపు గరగర. గిటారు ఒక్క మీటు జారింది. రెండోది జారింది. మూడోది పడాల్సిన చోట పడలేదు.

“ఆగు, ఈ పాట అయిపోనీ,” అన్నాడు ఎల్లేశం.

నిండు గొంతు. కాస్త విసుగుతో, కాస్త నవ్వుతో. ఒక్క అక్షరం తరగలేదు.

“ఎన్నటికైపోవాలె నీ పాట!” వంటింట్లోంచి రుక్మిణి గయ్యిమంది. “బువ్వ సల్లారుతది, లేవరాదు!”

ఆ వెంటనే వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది.

పాట మళ్లీ తన దారి పట్టింది. డోలు అర అడుగు వెనక నడుచుకుంటూ వచ్చి కలిసింది. అకీల్ మామ చెవి దగ్గరికి వంగాడు.

“మామూ, గాలికి లేసిన ముక్క... తిర్లపడ్డది. నేనే...”

“ఊకో. ఇను,” అన్నాడు జానీమియా.

రుక్మిణి వంటింటి గడపలోకి వచ్చింది. చేతిలో గంటె. దాని కొస నుంచి పప్పు బొట్టుబొట్టుగా నేల మీద పడుతోంది, ఆమె చూసుకోవడం లేదు. ఎల్లేశం టేపురికార్డు మీంచి చూపు తిప్పలేదు. తిప్పకుండానే ఆమె వైపు అరచెయ్యి ఎత్తాడు. ఎత్తి, అట్లాగే ఉంచాడు.

ఆమె ఆగింది.

అతుకు అతుకుకూ పాట చిన్నగా వెక్కింది. వెక్కిన ప్రతిచోటా, పోయిన దరువును ఎల్లేశం గోటితో పలక మీద కొట్టి నింపాడు. ఒక్కటీ తప్పలేదు. సగం దాటాక అతుకులు అయిపోయి, పాట చెక్కుచెదరకుండా సాగింది. బొంగురు గొంతు పాడింది. ఆ వెనక భూపాలపల్లి కోడి ఒకటి, ఎప్పటిదో, కూసింది. ఎల్లేశం గోరు ఆపి, కళ్లు మూసుకుని విన్నాడు. రుక్మిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయేదాకా నిలబడింది.

జానీమియా బటను నొక్కాడు. “రెండో దిక్కు తిప్పాల్నా చెల్లె?”

ఆమె వద్దన్నట్టు తలూపింది. నేల మీది పప్పును తుడిచి, లోపలికి పోయింది.

ఎల్లేశం పలక అందుకుని రాశాడు: ‘ఎవడు అతికిండు?’

జానీమియా పలక చూశాడు. మూడురోజులుగా పళ్ల వెనక నిలబెట్టిన మాటలన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని దాటించి, “మా అల్లుడు,” అన్నాడు.

ఎల్లేశం అకీల్‌ను కిందికీ మీదికీ చూసి, పలక తుడిచి, పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు.

రుక్మిణి విస్తళ్లు వేసింది. సొరకాయ పప్పు, పచ్చిపులుసు, ఎల్లేశానికి మెత్తగా పిసికిన అన్నం. అందరూ తిన్నాకే తినే మనిషి, ఆ పొద్దు తానూ ఒక విస్తరి వేసుకుని మొగుడి పక్కన కూర్చుంది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. అన్నం చల్లారిపోయింది. ఆ మాట ఎవరూ అనలేదు.